మడమకు ఇటుక కాపడం: ఎవరికి సరే, ఎవరికి వద్దు

ప్రశ్న: నా వయసు 44. రెండు నెలలుగా పొద్దున్నే మంచం దిగి అడుగు వేస్తే కుడి మడమలో మేకు దిగినట్టు ఉంటోంది. నాలుగడుగులు వేశాక సర్దుకుంటుంది. ఎక్స్‌రే తీసి ఎముక పెరిగిందన్నారు. పక్కింటావిడ యూరిక్ యాసిడ్ అంటోంది. ఫోన్లో చూస్తే ఒకరు వేడి ఇటుక మీద జిల్లేడాకులు పరిచి కాపడం పెట్టమంటారు, ఒకరు ఇంజెక్షన్ అంటారు, ఇంకొకరు ఆపరేషన్ దాకా వెళ్లారు. మా అత్తయ్యకు 68 ఏళ్లు, 12 ఏళ్లుగా షుగర్. ఆమె అరికాల్లో ఆనెకాయ ఉంది. మెడికల్ షాపులో కార్న్ క్యాప్ తెచ్చాం, ఇంకా వేయలేదు. మావారికేమో కాలి వేళ్ల సందుల్లో దురద. క్రీము రాసినన్నాళ్లు తగ్గుతుంది, మానేస్తే మళ్లీ మొదలు. ఇన్ని మాటల్లో దేన్ని నమ్మాలి? సరైన సమాచారం ఎక్కడ దొరుకుతుంది?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కార్న్ క్యాప్ ఇంకా వేయలేదన్నారు, మంచి పని చేశారు. వేయకండి. ఆ పట్టీ మధ్యలో ఉండే మందులో 40 శాతం దాకా శాలిసిలిక్ యాసిడ్ ఉంటుంది. గట్టిపడిన చర్మాన్ని అది నానబెట్టి ఊడగొడుతుంది. కానీ ఆనె ఎక్కడితో అయిపోయిందో, మంచి చర్మం ఎక్కడ మొదలైందో దానికి తెలియదు. పట్టీ ఒక పిసరు పక్కకు జరిగితే మంచి చర్మమూ తెల్లగా నానిపోయి పుండవుతుంది. అదే మీ కాలికైతే చురుక్కుమనగానే పీకి పారేస్తారు. ఇన్నేళ్ల షుగర్‌తో అత్తయ్య పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే ఆమెకు ఆ చురుకే తెలియదు.

మీ అసలు ప్రశ్నకు జవాబు కూడా దీన్లోనే ఉంది. పాదాల గురించి ఏం చదివినా, ఏం విన్నా 'ఇది ఎవరు చేయకూడదు' అన్న మాట అందులో ఉందా అని చూడండి. లేకపోతే ఆ సలహాను పక్కన పెట్టేయొచ్చు. ఇటుక కాపడమే తీసుకోండి. ఓర్చుకోగలిగినంత వేడైతే మీ మడమకు కాసేపు హాయిగా ఉంటుంది, అంతకుమించి ఒరిగేదీ లేదు, పోయేదీ లేదు. అదే ఇటుక మీద స్పర్శ లేని పాదం పెడితే బొబ్బలెక్కి, ఎవరో చూసి చెప్పేదాకా తెలియదు. ఆనెకాయకు జిల్లేడు పాలు రాయమని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఆ పాలు చర్మాన్ని పొక్కిస్తాయి. అదే చేత్తో కన్ను నలుపుకుంటే నల్లగుడ్డు దెబ్బతిని చూపు మసకబారుతుంది. వీడియోలో పాదం కనిపిస్తుంది గానీ, ఆ పాదం మనిషికి షుగర్ ఉందో లేదో కనిపించదు.

ఇక వెతకడం సంగతి. 'మడమ నొప్పి తగ్గాలంటే' అని కొడితే ముందు వరసలో వచ్చేది ఏదో ఒకటి అమ్మేవాళ్లే. చికిత్స పేరుతో కాకుండా జబ్బు పేరుతో వెతకండి. మీరు చెప్పినదాన్ని బట్టి మీది ప్లాంటార్ ఫేషియైటిస్, అంటే అరికాలి పట్టీ నొప్పి లాగుంది. ఆనెకాయను కార్న్ అంటారు. అరికాలి చర్మం వెడల్పుగా మందం కడితే కాలస్. వేళ్ల సందుల్లో ఫంగస్ దురదకు వైద్యుల పేరు టీనియా పెడిస్, వాడుక పేరు అథ్లీట్స్ ఫుట్. గోరు అంచు కండలోకి దిగితే ఇన్‌గ్రోన్ టోనెయిల్, బొటనవేలి మొదట్లో ఎముక పక్కకు ఉబికితే బనియన్. స్పెల్లింగ్ రాకపోయినా ఫర్వాలేదు. మైకు గుర్తు నొక్కి ఆ పేరు పలికి, చివర 'ఎన్‌హెచ్ఎస్' అని చేర్చండి. అది బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ. వాళ్ల పేజీ అడుగున చివరిసారి ఎప్పుడు సరిచూశారో, మళ్లీ ఎప్పుడు చూస్తారో తేదీలుంటాయి. ఎముకలు, కీళ్ల సంగతులకు అమెరికా ఎముకల వైద్యుల సంఘం నడిపే ఆర్థోఇన్ఫో బాగుంటుంది. వ్యాయామాలు బొమ్మలతో సహా ఉంటాయి. చర్మం, గోళ్ల విషయంలో న్యూజిలాండ్ చర్మవైద్యులు 1996లో మొదలుపెట్టిన డెర్మ్‌నెట్‌లో ఫొటోలు చూసి పోల్చుకోవచ్చు. ప్రకటనలు లేకుండా కావాలంటే అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం వారి మెడ్‌లైన్‌ప్లస్. షుగర్ పాదానికి ఐడబ్ల్యూజీడీఎఫ్ అనే అంతర్జాతీయ బృందం ఇచ్చే మార్గదర్శకాలు ప్రామాణికం. 2023లో కొత్తవి వచ్చాయి. అవి వైద్యుల కోసం రాసినవి, కాస్త ఓపిగ్గా చదవాలి. కొన్ని పాత పేజీల అడుగున హాన్‌కోడ్ అనే ముద్ర కనిపిస్తుంది, దాన్ని చూసి నమ్మకండి. ఆ ముద్ర ఇచ్చే జెనీవా సంస్థ 2022 చివర్లో మూతపడింది.

ఈ పేజీలు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి. ఫోన్ తెలుగులోకి మార్చి చూపిస్తుంది గానీ ఆ తెలుగుతో జాగ్రత్త. కార్న్ కాస్తా మొక్కజొన్న అయిపోతుంది, 'కాలి మీద మొక్కజొన్నలు పెరిగితే' అని చదవాల్సి వస్తుంది. 'సోల్' అన్న మాటకు అరికాలు అనాల్సిన చోట 'ఏకైక' అని పడుతుంది. నవ్వుకుని వదిలేయొచ్చు. కానీ మందు మోతాదు, ఎన్ని రోజులు, 'వాడండి', 'వాడకండి' అనే చోట మాత్రం ఇంగ్లీషు వచ్చిన పిల్లల చేత అసలు వాక్యం చదివించుకోండి.

ఇంకో రెండు తేడాలు గుర్తుంచుకోవాలి. ఆ ఫొటోల్లో ఎక్కువ తెల్లటి చర్మాలే. 'ఎర్రబడితే' అని రాసింది మన చామనఛాయ మీద ఎర్రగా కనిపించకపోవచ్చు. చుట్టూ ఉన్న రంగు కంటే ముదురుగానో, ఊదా రంగులోనో ఉంటుంది. కంటితో తేలకపోతే చేతి వెనక వైపు ఆనించి, రెండు పాదాల్లో ఏది వేడిగా ఉందో చూడండి. రెండోది, 'పొడియాట్రిస్ట్‌ను కలవండి' అని ప్రతి పేజీలోనూ ఉంటుంది. పాదాలకే ప్రత్యేకంగా చదువుకున్నవాళ్లు మన దగ్గర తక్కువ. కాబట్టి మడమకు ఎముకల డాక్టరు, దురదకు చర్మం డాక్టరు, అత్తయ్యకు ఆమె షుగర్ డాక్టరు అని లెక్కేసుకోండి.

ఇప్పుడు మీ మడమ. మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి పొడవునా ఒక గట్టి పట్టీ ఉంటుంది. రాత్రి పడుకున్నప్పుడు పాదం కిందికి వాలి, ఆ పట్టీ కుదించుకుని ఉంటుంది. లేచి మొదటి అడుగు వేయగానే ఒక్కసారిగా సాగుతుంది, మేకు దిగినట్టుండేది అందుకే. కాసేపు కూర్చుని లేచినా అంతే. బొటనవేలితో మడమ అడుగున, లోపలి వైపు నొక్కండి. సరిగ్గా ఆ చోటే నొప్పి పెడితే అనుమానం బలపడినట్టే.

ఎక్స్‌రేలో కనిపించిన ఎముక ముల్లు గురించి బెంగ వద్దు. ఏ నొప్పీ లేనివాళ్లకు తీసినా చాలామందిలో అది కనిపిస్తుంది. నొప్పి తగ్గిపోయాక కూడా ముల్లు అలాగే ఉంటుంది. అందుకే ముల్లును కరిగిస్తామనే మాట వినబడగానే ఆ వీడియో కట్టేయొచ్చు. యూరిక్ యాసిడ్ నొప్పి తీరు వేరు. అది చాలాసార్లు బొటనవేలి మొదట్లో, రాత్రికి రాత్రి వస్తుంది. వాచి, కాలిపోతూ, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంతగా ఉంటుంది. నాలుగడుగులతో సర్దుకునేది కాదు.

చేయాల్సిన పనుల్లో మొదటిది మంచం మీదే. కాలు కింద పెట్టకముందే కుడి పాదాన్ని ఎడమ తొడ మీద వేసుకోండి. కుడి చేత్తో అయిదు వేళ్లనూ కలిపి పట్టుకుని ముంగాలి వైపు వెనక్కి లాగండి. ఎడమ బొటనవేలితో అరికాలి మధ్య తడిమితే ఆ పట్టీ మంచం నవారులా బిగిసి తగలాలి. తగలకపోతే లాగింది చాలలేదు. 10 లెక్కపెట్టి వదలండి. ఇలా 10 సార్లు, రోజుకు మూడు పూటలు, అందులో ఒకటి తప్పనిసరిగా మొదటి అడుగుకు ముందే. రెండోది పిక్కకు. గోడకు చేతులు ఆనించి, కుడి కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకు అంటించి, మోకాలు వంచకుండా ముందుకు వాలి 30 సెకన్లు ఉండండి, మూడుసార్లు. ఇక్కడ అందరూ చేసే పొరపాటు వెనక పాదాన్ని బయటికి తిప్పడం. వేళ్లు నేరుగా గోడ వైపు చూడాలి, లేకపోతే పిక్క సాగదు.

ఈ రెండూ అలవాటయ్యాక బలానికి ఒకటి ఉంది. మెట్టు అంచున నిలబడి, వేళ్ల కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మెట్ల పక్క కడ్డీ పట్టుకుని ఒంటికాలి మీద మడమ ఎత్తాలి. ఎత్తడానికి 3 సెకన్లు, పైన 2, దించడానికి 3. అలా 12 సార్లు, రోజు విడిచి రోజు. డెన్మార్క్‌లో దీన్ని సాగదీసే వ్యాయామంతో పోల్చి చూశారు. మూడు నెలల దగ్గర దీనిదే పైచేయి, ఏడాది తిరిగేసరికి రెండూ ఒకటే. లాభం ఎంతవరకో కూడా ఇలా చెప్పే చోటునే నమ్మాలి.

చెప్పులు అన్నిటికంటే ముఖ్యమేమో. గ్రానైట్, టైల్స్ నేల మీద వట్టి కాళ్లతో గంటల తరబడి నిలబడితే ఎన్ని వ్యాయామాలు చేసినా వెనక్కే. వంటింట్లోకి మెత్తటి చెప్పులు విడిగా పెట్టుకోండి. అరిగి పలచబడిన హవాయి చెప్పులు లెక్కలోకి రావు. సాయంత్రం నొప్పిగా ఉంటే గడ్డకట్టిన నీళ్ల సీసాను బట్ట చుట్టి పాదం కింద 10 నిమిషాలు దొర్లించండి. ఇదీ మీకే, అత్తయ్యకు కాదు.

చాలామందికి ఇది తగ్గుతుంది, కాకపోతే నెలల మీద తగ్గుతుంది, కొందరికి ఏడాది పడుతుంది. పది రోజులు చేసి లాభం లేదని ఇంజెక్షన్‌కు పరుగెత్తడమే ఎక్కువ జరిగే తప్పు. స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో కొన్ని వారాలు నొప్పి తగ్గుతుంది. పదే పదే వేయిస్తే మడమ కింది కొవ్వు మెత్త పలచబడుతుంది, అరుదుగా ఆ పట్టీయే తెగుతుంది. ఆపరేషన్ మాట ఆరు నెలలు, ఏడాది సరిగ్గా చేసి చూశాకే. అయితే మడమను రెండు పక్కల నుంచీ నొక్కితే నొప్పి పెట్టినా, పడుకున్నప్పుడూ తగ్గకపోయినా, తిమ్మిర్లు ఉన్నా, రెండు మడమలతో పాటు పొద్దున్నే నడుము అరగంటకు పైగా పట్టేసినా ఇది వేరే జబ్బు కావచ్చు. వ్యాయామాలు ఆపి డాక్టరుకు చూపించండి.

మీవారి సంగతికి వస్తే, ట్యూబు మీద చిన్న అక్షరాలు చదవండి. క్లోట్రిమజోల్, లులికొనజోల్, టెర్బినాఫిన్ అనేవి ఫంగస్‌ను చంపే మందులు. క్లోబెటాసోల్, బెటామెథాసోన్, మొమెటాసోన్ అని ఉంటే స్టెరాయిడ్లు. క్లోట్రిమజోల్, క్లోబెటాసోల్ వినడానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి, పనికి పొంతనే లేదు. ఒకే ట్యూబులో రెండూ కలిపి, పైన ఒక యాంటీబయాటిక్ కూడా వేసినవి మన షాపుల్లో ధారాళంగా దొరుకుతాయి. స్టెరాయిడ్ దురదను రెండు రోజుల్లో నొక్కేస్తుంది, ఫంగస్ మాత్రం లోపల హాయిగా పాకుతుంది. 'రాసినన్నాళ్లు తగ్గి, మానితే మళ్లీ' అని మీరు రాసిన వాక్యం అచ్చంగా దాని లక్షణం. 2018లో కేంద్రం ఇలాంటి 14 స్టెరాయిడ్ల పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మే జాబితాలో చేర్చింది. అయినా అడగ్గానే ఇచ్చే షాపులున్నాయి.

విడి క్లోట్రిమజోల్ 1 శాతం క్రీము అడగండి. వేళ్ల సందులు తుడిచి, పూర్తిగా ఆరాక పలచగా, రోజుకు రెండుసార్లు, నాలుగు వారాలు. దురద మొదటి వారంలోనే పోతుంది, అందరూ అక్కడే మానేస్తారు. మేజోళ్లు నూలువి, ఉతికినవి, రోజుకొక జత. బూట్లు రెండు జతలుంటే రోజు మార్చి రోజు వేసుకోవాలి, ఒక్క రాత్రిలో లోపలి తడి ఆరదు. నాలుగు వారాలకూ తగ్గకపోతే, లేదా గజ్జల్లోకీ గోళ్లలోకీ పాకితే చర్మం డాక్టరు దగ్గరికే. మన దేశంలో మామూలు ఫంగస్ మందులకు లొంగని రకం ఒకటి బాగా వ్యాపించింది, దానితో ఇంట్లో కుస్తీ పట్టి లాభం లేదు.

చివరగా అత్తయ్య. మనకు ఎరుకైన వేలూరులోనే ఈ పాఠం తేలింది. 1946లో అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన పాల్ బ్రాండ్ అనే సర్జన్, కుష్ఠు రోగుల వేళ్లను జబ్బు తినేయడం లేదని, నొప్పి తెలియక తగిలిన చోటే మళ్లీ మళ్లీ తగిలి పోతున్నాయని చూపించారు. షుగర్ పాదానికీ అదే లెక్క. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఆనె గురించి కాదు, స్పర్శ గురించి.

ఇంట్లోనే ఒక నిమిషంలో చూడొచ్చు. ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్ ఆస్పత్రి వైద్యులు తయారుచేసిన పరీక్ష ఇది. అత్తయ్యను పడుకోబెట్టి కళ్లు మూసుకోమనండి. ముందు ఆమె కుడి కాలిని తాకి 'ఇది కుడి', ఎడమను తాకి 'ఇది ఎడమ' అని చెప్పండి. తాకినట్టు అనిపించగానే ఏ వైపో చెప్పమనండి. మీ చూపుడువేలి కొసతో ఆమె కాలి వేళ్ల కొసలను ఈ వరసలో తాకండి: కుడి బొటనవేలు, కుడి చిటికెనవేలు, ఎడమ బొటనవేలు, ఎడమ చిటికెనవేలు, కుడి నడిమివేలు, ఎడమ నడిమివేలు. ఈక వాలినట్టు, ఒకటి రెండు సెకన్లే. నొక్కకూడదు, రుద్దకూడదు. చెప్పలేదు కదా అని రెండోసారి తాకకూడదు. ఆరింటిలో రెండు, అంతకంటే ఎక్కువ చోట్ల తెలియకపోతే స్పర్శ తగ్గిందనే అనుకోవాలి. ఆరూ తెలిసినా కార్న్ క్యాప్ వద్దు, ఎందుకంటే రక్తప్రసారం సంగతి ఈ పరీక్షతో తెలియదు.

తర్వాత షుగర్ డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆమె చేత చెప్పులు, మేజోళ్లు విప్పించి కూర్చోబెట్టండి. విప్పిన పాదాన్ని చూడకుండా వదలడం కష్టం. అక్కడ చేయాల్సినవి 10 గ్రాముల మోనోఫిలమెంట్ అనే నైలాన్ పోగుతో స్పర్శ, 128 హెర్ట్జ్ శ్రుతిదండం అనే కంపించే లోహపు కడ్డీతో కంపనం తెలుస్తోందా అన్నది, పాదం పైన, చీలమండ లోపలి వైపు నాడి. షుగర్ ఉన్నవాళ్లకు ఏడాదికోసారైనా ఇవి జరగాలి. స్పర్శ తగ్గితే ఇంకా తరచుగా. ఆనెను అక్కడే, తెలిసినవాళ్లు బ్లేడుతో పొరలుగా చెక్కితే నొప్పి కూడా ఉండదు. ఇంట్లో బ్లేడు ముట్టుకోవద్దు. ఆనె మధ్యలో నల్లగానో రక్తం గూడు కట్టినట్టో కనిపిస్తే దాని కింద పుండు దాగి ఉండొచ్చు, తెల్లారేదాకా ఆగకండి. పుండు లేకుండానే ఒక పాదం వాచి వేడిగా ఉన్నా, వేలు నల్లబడినా, వాసన వచ్చినా ఆ రోజే చూపించాలి.

ఆనె ఊరికే రాదు, ఏదో అక్కడే ఒత్తుతోంది. చెక్కించి అవే చెప్పులు వేస్తే కొన్ని వారాల్లో మళ్లీ వస్తుంది. సాయంత్రం పూట, పాదం కాస్త వాచి ఉన్నప్పుడు, అత్తయ్యను కాగితం మీద నిలబెట్టి పెన్సిల్‌ను నిలువుగా పట్టుకుని పాదం చుట్టూ గీత గీయండి. కత్తిరించి ఆ కాగితాన్ని ఆమె చెప్పు మీద పరవండి. ఎక్కడైనా అంచు దాటితే ఆ చెప్పు చిన్నదే. కొత్తవి ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరువి, మడమ వెనక పట్టీ ఉన్నవి, పొడవైన వేలికి ముందు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండేలా కొనండి. షాపుకు ఆ కాగితమూ తీసుకెళ్లండి. మొదటి రోజు ఒక గంట మాత్రమే వేసి, విప్పి, ఎక్కడైనా రంగు మారిందేమో చూడండి. ఆ తర్వాత రోజూ వేసే ముందు చెప్పులను దులిపి, చేయి లోపల పెట్టి తడమాలి. చిన్న గులకరాయైనా ఆమెకు తెలియదు.